వద్దన్న ఓడలు

సూరత్ నుంచి భావ్‌నగర్‌కు రోడ్డున పోవాలంటే ఖంభాత్ అఖాతాన్ని మొత్తం చుట్టిరావాలి. హజీరాలో కార్లనీ లారీలనీ ఎక్కించుకుని దాటించే ఫెర్రీ పట్టుకుంటే పూట తిరక్కముందే అవతలి ఒడ్డున ఘోఘాలో దిగొచ్చు. సూరత్‌లో నాకు అన్నం పెట్టిన మిత్రుడు లింబాయత్ మరమగ్గాల చప్పుడులో పెరిగిన కరీంనగర్ వాళ్లబ్బాయి. "రోడ్డున పోతే ఊళ్లన్న కనబడ్తయి. సముద్రంల ఏముంటదన్నా, నీళ్లే గద" అన్నాడు. నేను చూద్దామని బయల్దేరింది ఆ నీళ్లనే. లోకంలో ముసలివైపోయిన ఓడలు వేల సంఖ్యలో ఆఖరిసారి నడిచింది ఈ అఖాతంలోనే.

నీళ్లు నీలంగా లేవు. నర్మద, తపతి, మహి, సాబర్మతి తెచ్చిపోసే ఒండ్రుతో మట్టిరంగులో సుళ్లు తిరుగుతున్నాయి. రెయిలింగు దగ్గర పక్కన నిలబడ్డ లారీ డ్రైవరు ఓడలను తుక్కుగా విప్పే అలంగ్‌లో ఇనప రేకులు ఎత్తుకోవడానికి ఖాళీ బండితో వెళ్తున్నాడు. "పున్నమి వెళ్లి రెండ్రోజులైంది. ఈపాటికి కొత్తవి ఎక్కేసి ఉంటాయి" అన్నాడు హిందీలో. ఎక్కడమంటే ఒడ్డెక్కడం. ఇక్కడ పోటుకీ ఆటుకీ మధ్య సుమారు పది మీటర్ల తేడా ఉంటుంది. పున్నమికో అమావాస్యకో పోటు బాగా పొంగినప్పుడు ఓడను పూర్తి వేగంతో నేల మీదికి తోలేస్తారు. నీరు తీశాక అది బురదలో కూచుండిపోతుంది. క్రేన్లు, డ్రై డాకులు ఏవీ లేకుండా పెద్ద ఓడను ఒడ్డుకు చేర్చే చవకైన పద్ధతి ఇది. 1983 ఫిబ్రవరిలో మొదటి ఓడ ఇలాగే వచ్చింది. ఆ తర్వాత ఎనిమిది వేలకు పైగా వచ్చాయి. 2011-12 ఒక్క ఏడాదిలోనే 415.

ఘోఘాలో దిగి భావ్‌నగర్‌లో రాత్రి గడిపి, పొద్దున్నే గాఠియా తిని మహువా రోడ్డు పట్టాను. త్రాపజ్ అనే ఊరి దగ్గర ఎడమకు తిరగ్గానే దుకాణాలు మొదలవుతాయి. సముద్రం దాకా రెండువైపులా అవే. ఒకచోట పరుపులు, ఒకచోట పింగాణీ పళ్లేలు, ఒకచోట వ్యాయామ యంత్రాలు, లైఫ్‌బోట్లు, ఆసుపత్రి మంచాలు, కొరియన్ అక్షరాలున్న వంటగిన్నెలు. ఓడలో మనుషులు వాడిన ప్రతి వస్తువూ ఇక్కడ అమ్ముడుపోతుంది. బేరం గట్టిగానే సాగుతుంది. విరాట్ యుద్ధనౌక సామాను ఏమైనా ఉందా అని ఒక దుకాణంలో అడిగాను. ఆ పేరు చెప్పి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, నమ్మకండి అని నవ్వాడు యజమాని. విరాట్‌ను విశాఖ తీరంలో మ్యూజియంగా నిలబెట్టాలని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకుంది. అది తేలలేదు. 2020 సెప్టెంబరులో ఓడ అలంగ్ బురదలోకి వచ్చింది. కురుసురా జలాంతర్గామిని చూసి పెరిగిన విశాఖ పిల్లలకు పక్కన ఇంకొకటి ఉంటే బాగుండేదే. అయితే అంత పెద్ద ఓడను ఏళ్ల తరబడి నిలబెట్టి మెయింటైన్ చేయడం ఎంత ఖర్చో ఈ రోడ్డు మీద నడిస్తే తెలుస్తుంది.

దుకాణాల్లోకి రానివి వేరే ఉన్నాయి. ఇంజిను గదిలో పైపులకు చుట్టిన ఆస్బెస్టాస్, పాత కేబుళ్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్లలోనూ ఉండే పీసీబీలు, అడుగున నాచు పట్టకుండా పూసిన ట్రైబ్యుటైల్ టిన్ రంగు, ట్యాంకుల అడుగున గడ్డకట్టిన చమురు మడ్డి, సీసం, పాదరసం. సరుకుల ఓడ విషాన్ని మోసుకొస్తుందంటే పీపాలు ఊహించుకుంటాం. ఇక్కడ ఓడే పీపా, ఓడే సరుకు. అది నడిచి వస్తున్నంతసేపూ కాగితాల మీద ఓడే. నడక ఆగిన క్షణాన వ్యర్థం. ప్రమాదకర వ్యర్థాలను దేశం దాటించడం మీద 1989లో వచ్చిన బాసెల్ ఒప్పందం వీటికీ వర్తిస్తుంది. కానీ తుక్కుకు అమ్మాలని యజమాని ఏ రోజున, ఏ రేవులో అనుకున్నాడో ఎవరు రుజువు చేస్తారు? రేవు దాటాక సముద్రం మధ్యలో అనుకున్నానంటాడు.

ఓడలను కోసే ప్లాట్లలోకి వెళ్లడానికి గుజరాత్ మారిటైం బోర్డు అనుమతి కావాలి. భావ్‌నగర్ పరిచయస్తుల పుణ్యాన ఒక ప్లాటులోకి వెళ్లగలిగాను, ఫోను గేటు దగ్గరే పెట్టేయమన్నారు. నెత్తిన హెల్మెట్టు పెట్టారు. ముందు భాగం కోసేసిన ఒక సరుకుల ఓడ అంతస్తులన్నీ బయటపెట్టుకుని నిలబడి ఉంది. దాని లోపలి నుంచి గ్యాస్ కటింగ్ నిప్పురవ్వలు రాలుతున్నాయి. కోసిన ముక్కను వించితో ఒడ్డుకు ఈడుస్తున్నారు. ఒడ్డున కాంక్రీటు నేల ఉంది, ఆస్బెస్టాస్ తీయడానికి మూసిన గది ఉంది. ఇరవై ఏళ్ల కిందట తీసిన ఫొటోల్లో ఇవేవీ లేవు. మార్పు వచ్చిన మాట నిజం. ముక్క తెగిపడేది మాత్రం ఇప్పటికీ పోటూ ఆటూ తిరిగే బురదలోనే.

భోజనాల వేళ ఒకతను ఫోన్లో "అమ్మా, తిన్నావేటి" అనడం వినిపించి ఆగాను. ఇంత దూరంలో ఆ యాస వింటాననుకోలేదు. బరంపురం దగ్గర పల్లెటూరట. గంజాం జిల్లా నుంచి అలంగ్‌కు వచ్చేవాళ్లు ఎప్పటినుంచో ఎక్కువ, వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. గ్యాస్ కట్టర్. ఖోలీలో నలుగురైదుగురు కలిసి ఉంటారు.

"ఆస్బెస్టాస్ తీసే పని చేశావా?" అన్నాను.

"ఇప్పుడు దానికి వేరే మనుషులున్నారు సార్. తెల్లసూటు, మాస్కు, అన్నీ ఇత్తారు. మేం వొచ్చిన కొత్తలో అదేటో ఎవలికి తెలుసు? చేత్తోనే ఒలిచీసేవోళ్లం. సలికాలం కప్పుకోడానికి ఆ దుప్పట్లే పట్టుకెళ్లినోళ్లు కూడా ఉన్నారు."

ఇప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగానే ఉందన్నాడు. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే దాని జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఇతను గంజాం పల్లెలో ఉంటాడు, ఓడ పేరు ఎవరికీ గుర్తుండదు. నిప్పు అలా కాదు, అప్పటికప్పుడే తేల్చేస్తుంది. 2012 అక్టోబరులో ఇక్కడ ఒక చమురు ఓడలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు.

ఓడ వెనక భాగం వైపు చెయ్యి చూపించాడు. పేరు మీద కొట్టిన నల్లరంగు కింద వెల్డింగు అక్షరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. "రంగు కింద ఇంకో పేరుంటాది సార్. దాని కింద ఇంకోటి. కోసేటప్పుడు మాకు కనపడతాది." ఓడను తుక్కుకు పంపేముందు క్యాష్ బయ్యర్లు అనే మధ్యవర్తులు కొంటారు. పేరు మారుస్తారు, జెండా మారుస్తారు. ఆఖరి ప్రయాణానికి కొమొరోస్, పలావ్, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ లాంటి చిన్న ద్వీపదేశాల జెండాలు కడతారు. ఇరవై ఏళ్లు ఆ ఓడ మీద సంపాదించిన అసలు కంపెనీ అప్పటికి బొమ్మలోనే ఉండదు. ఎన్ని మారినా మారనిది ఏడంకెల ఐఎంఓ నంబరొక్కటే. ఆ నంబరు ఉంటే ఎక్కడ పుట్టింది, ఎన్ని పేర్లు మార్చింది వెతికి పట్టుకోవచ్చు. 1989లో అలాస్కా తీరంలో రాళ్లకు గుద్దుకుని సుమారు నాలుగు కోట్ల లీటర్ల ముడిచమురు ఒలకబోసిన ఎక్సాన్ వాల్డెజ్ కూడా 2012లో ఇక్కడికే వచ్చింది, ఓరియంటల్ నైసిటీ అనే చక్కని పేరుతో.

అలంగ్ గురించి చదివినవాళ్లంతా ముందు తలుచుకునేది మాత్రం ఇక్కడికి చేరని ఓడను. క్లెమెన్సో ఫ్రెంచి నౌకాదళపు విమాన వాహక నౌక. ఇంజిను ఆపేసిన ఆ ఓడను టగ్గు కట్టి 2005 డిసెంబరు 31న తూలాన్ రేవు నుంచి అలంగ్‌కు లాగడం మొదలుపెట్టారు. లోపల ఆస్బెస్టాస్ ఎంతుందో ఎవరి లెక్క వారిది. నలభై అయిదు టన్నులని ప్రభుత్వం, వందల టన్నులని పర్యావరణ సంఘాలు. ఈజిప్టు సూయజ్ కాలువ దగ్గర ఆపి, తర్వాత వదిలింది. అరేబియా సముద్రంలోకి వచ్చాక మన సుప్రీంకోర్టు మా నీళ్లలోకి రావద్దంది. 2006 ఫిబ్రవరి 15న అధ్యక్షుడు షిరాక్ వెనక్కి రమ్మన్నాడు. ఆయన ఢిల్లీ పర్యటన అప్పటికి నాలుగు రోజుల్లో ఉంది. ఈసారి కాలువ గుండా కాకుండా ఆఫ్రికా మొత్తం చుట్టి, మే నెలలో బ్రెస్ట్ చేరింది. ఆఖరికి దాన్ని విప్పింది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో, మరో మూడేళ్లకు. ఆ రోజుల్లో మన పత్రికలు దీన్ని విజయంగా రాశాయి. విజయమే. కానీ గెలుపు సంబరంలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. ఇంజిను ఆగిన ఇరవై ఏడు వేల టన్నుల ఓడను తాడు మీద ఆధారపడి గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పారు. ఆ తాడు తెగి ఉంటే?

నిజానికి క్లెమెన్సోకు ఒక అదృష్టం ఉంది. దాని యజమాని ఒక దేశం. రమ్మంటే పోవడానికి ఇల్లుంది. దాని తోబుట్టువు ఫాష్‌కు ఆ భాగ్యం లేకపోయింది. ఒకే నమూనాతో కట్టిన ఓడ అది. 2000లో బ్రెజిల్ కొని సావో పాలో అని పేరు పెట్టుకుంది. పనికిరాకుండా పోయాక టర్కీ కంపెనీకి అమ్మేశారు. 2022 ఆగస్టులో రియో నుంచి లాక్కుపోతుంటే, జిబ్రాల్టర్ దగ్గరికి వచ్చేసరికి లోపలి విషపదార్థాల లెక్కల మీద అనుమానంతో టర్కీ అనుమతి రద్దు చేసింది. వెనక్కి తిప్పారు. సొంత దేశంలో రేవు ఇవ్వలేదు. బ్రెజిల్ తీరానికి దూరంగా నెలల తరబడి టగ్గు వెనక గిరికీలు కొట్టి, పొట్ట చిల్లులు పడి, నీళ్లు ఎక్కుతుంటే, 2023 ఫిబ్రవరి 3న బ్రెజిల్ నౌకాదళమే దాన్ని తీరానికి 350 కిలోమీటర్ల దూరంలో, అయిదు వేల మీటర్ల లోతులో ముంచేసింది. ఆస్బెస్టాస్‌తో సహా. పర్యావరణ శాఖ వద్దంటున్నా.

టర్కీ చేసింది తప్పనగలమా? రేవు ఇవ్వనివాళ్లను తప్పుపట్టగలమా? విడివిడిగా చూస్తే ఎవరి మాట వాళ్లకు న్యాయమే. అన్నీ కలిస్తే మాత్రం ఓడ సముద్రం పాలైంది. నాకు అలంగ్ బురద ఒడ్డున నిలబడ్డప్పుడు తోచింది ఇదే. విషం ఎక్కిన ఓడకు ప్రమాదం రేవులో తక్కువ, దారిలో ఎక్కువ. మనం వద్దన్న ప్రతిసారీ ఆ దారి పొడుగవుతుంది. దిష్టి తీసిన ఎండుమిర్చి, ఉప్పు మూడుదారుల కూడలిలో పారేసి వెనక్కి చూడకుండా వచ్చేసే అలవాటు మనకుంది, తర్వాత ఎవరు తొక్కుతారో మన లెక్కలో ఉండదు. సముద్రం అలాంటి కూడలి.

ఖియాన్ సీ అనే ఓడ ఈ కథకు పాత అధ్యాయం. 1986లో ఫిలడెల్ఫియా నగరపు చెత్త తగలబెట్టిన బూడిద సుమారు 14 వేల టన్నులు ఎక్కించుకుని బయల్దేరింది. బహామాస్ వద్దంది. హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్, బెర్ముడా వద్దన్నాయి. 1988 మొదట్లో హైతీలోని గోనాయీవ్ తీరంలో, ఎరువు అని చెప్పి నాలుగు వేల టన్నులు దింపేసి చీకట్లో జారుకుంది. తర్వాత ఫెలీషియా అయింది, పెలికానో అయింది. అదే ఏడాది నవంబరులో సింగపూర్‌లో తేలినప్పుడు గోదాములు ఖాళీ. పది వేల టన్నులు ఏమైందంటే ముందు నోరు విప్పలేదు. అట్లాంటిక్‌లోనూ హిందూ మహాసముద్రంలోనూ పారబోశామని కెప్టెన్ తర్వాత ఒప్పుకున్నాడు. హిందూ మహాసముద్రంలో ఎక్కడ? అదెవరూ చెప్పలేదు.

ప్రోబో కోవాలా అనే ఓడది వద్దనడం కూడా కాదు, ధర గొడవ. మెక్సికో నుంచి చవగ్గా వచ్చిన గంధకం ఎక్కువున్న నాఫ్తాను ట్రాఫిగురా కంపెనీ ఓడలోనే కాస్టిక్ సోడాతో కడిగించింది. మిగిలిన మురికి అయిదు వందల టన్నులు. 2006 జులైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దింపబోతే చుట్టుపక్కలవాళ్లు కంపు భరించలేకపోయారు. పరీక్షించిన కంపెనీ ఘనపు మీటరుకు 27 యూరోలన్న ధరను ఎన్నో రెట్లు పెంచింది. దింపిన దాన్ని మళ్లీ ఓడలోకి ఎక్కించుకుని వెళ్లిపోవడానికి అక్కడి అధికారులు ఒప్పుకున్నారు! అది ఎస్టోనియా, లాగోస్ తిరిగి ఆగస్టు 19న ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ చేరింది. అక్కడ అప్పుడే పుట్టుకొచ్చిన ఒక కంపెనీ కారుచవకగా ఒప్పుకుని, రాత్రికి రాత్రి లారీల్లో ఊరంతా పారబోసింది. అకుయేదో చెత్తదిబ్బతో పాటు ఎన్నో చోట్ల. తెల్లారేసరికి జనానికి వాంతులు, కళ్లమంటలు, ముక్కుల్లోంచి రక్తం. లక్ష మందికి పైగా ఆసుపత్రుల ముందు వరస కట్టారు. అధికారిక లెక్కల్లో పదిహేను మంది పోయారు. చావులకు తమ వ్యర్థం కారణం కాదని కంపెనీ వాదిస్తూనే 2007లో ఆ దేశ ప్రభుత్వానికి దాదాపు 20 కోట్ల డాలర్లు కట్టింది. ఓడకు తర్వాత గల్ఫ్ జాష్ అని పేరు మార్చారు. 2011లో తుక్కుకని చిట్టగాంగ్ బయల్దేరితే బంగ్లాదేశ్ వద్దంది. ఆఖరికి చైనాలో తేలింది. ఆమ్‌స్టర్‌డామ్ అధికారి ఎవరో ఆ రోజు "దింపిన దాన్ని తిరిగి ఎక్కనివ్వం, డబ్బు సంగతి తర్వాత చూద్దాం" అని ఉంటే అబిజాన్ పేరు ఈ వరసలో ఉండేది కాదు. వద్దనడం కంటే పట్టి ఉంచుకోవడం కష్టమైన పని, ఖర్చు కూడా.

ఆ కోణంలో చూస్తే అలంగ్ మీద నాకున్న కోపం కొంచెం తగ్గింది. ఇక్కడికి చేరిన విషానికి కనీసం చిరునామా ఉంది. 2006 ఆగస్టు 15న ఇక్కడ ఒడ్డెక్కిన బ్లూ లేడీలో, అంటే ఒకప్పటి ఎస్ఎస్ ఫ్రాన్స్‌లో, వెయ్యి టన్నులకు పైగా ఆస్బెస్టాస్ ఉందని తెలిసీ, సుప్రీంకోర్టు ఏడాదికి పైగా విని 2007 సెప్టెంబరులో విప్పడానికి ఒప్పుకుంది. ఆ తీర్పు నాకు నచ్చదు. ఓడలు బయల్దేరకముందే శుభ్రం చేసి పంపాలని 2003లో అదే కోర్టు చెప్పిన మాటకు అది నీళ్లొదిలినట్టయింది. కానీ అప్పటికే బురదలో కూచున్న ఓడను మళ్లీ లేపి సముద్రంలోకి తోలాలని ఎవరైనా అంటే అంతకంటే భయపడేవాణ్ణి. 2009 నాటి హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమలులోకి వచ్చింది. ప్రతి ఓడలో ఏ ప్రమాదకర పదార్థం ఎక్కడుందో జాబితా ఉండాలంటుంది అది. తుక్కుగా మారకముందే, పుట్టుకతోనే. ఆ జాబితా అబద్ధమైతే ఏం చేయాలో ఇక ముందు తేలాలి.

మర్నాడు గోపనాథ్ వెళ్లాను. అలంగ్‌కు దక్షిణాన, తీరం మీద మహాదేవుడి గుడి. భక్తకవి నర్సీ మెహతా ఇక్కడే తపస్సు చేశాడంటారు. గుడి వెనక సముద్రం. నేను వచ్చింది గుడికే కాదు, దాని ఎదుట నీళ్లలో ఆగిపోయిన ఒక ఓడ కోసం. 1951లో అమెరికాలో సేవలోకి వచ్చిన ఇండిపెండెన్స్ అనే ప్రయాణికుల ఓడ అది. సంపన్నులు ఎక్కి తిరిగింది, తర్వాత హవాయిలో విహారాలు చేసింది, ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో ఏళ్ల తరబడి కట్టేసి ఉంది. 2008 ఫిబ్రవరిలో టగ్గు కట్టి బయటికి లాగారు. సింగపూర్ అన్నారు, దుబాయ్‌లో తేలింది. పీసీబీలున్న ఓడను చట్టవిరుద్ధంగా దేశం దాటించారని అమెరికా పర్యావరణ సంస్థ 2009 జనవరిలో 5,18,500 డాలర్ల జరిమానా వేసింది. కట్టేశారు. ఓడ వెనక్కి పోలేదు. ప్లాటినమ్ టూ అని కొత్త పేరుతో అక్టోబరులో అలంగ్ ముందు ప్రత్యక్షమైంది. మన పర్యావరణ శాఖ జెండా కాగితాలు బూటకమని తేల్చి నవంబరులో వద్దంది. అప్పటికే అది గోపనాథ్ ముందు నేల తగిలి పగిలి ఉంది. రమ్మనడానికీ లేదు, పొమ్మనడానికీ లేదు. అక్కడే పడి ముక్కలైంది.

గుడి బయట టీ కొట్టు పెద్దాయనకు అదంతా గుర్తుంది. పొద్దున లేస్తే ఎదురుగా తెల్లటి మేడలా కనిపించేదట, తర్వాత ఒక పక్కకు ఒరిగిందట. కొన్నాళ్లు పడవలవాళ్లు ఆ వైపు వల వేయలేదన్నాడు. అమెరికాలో జరిమానా కట్టిన సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పాను.

"ఎవరికి కట్టారు?"

"అక్కడి ప్రభుత్వానికే."

"అప్పుడు డాలరు ఎంతుండేది?"

"యాభైకి కొంచెం తక్కువ."

గ్లాసులు కడుగుతూనే లెక్క కట్టాడు. "రెండున్నర కోట్లు" అన్నాడు. "ఆ డబ్బు మనవాళ్లకిచ్చినా అయిపోను, పగలక ముందే నాలుగు టగ్గులు పెట్టి లాగించేవాళ్లు."